ఇరవై ఒక్కమంది అవ్వలు

నా దగ్గరున్న ఒక పాత నోట్‌బుక్‌లో నలభై ఒక్క మాటలు ఉన్నాయి. ఎడమవైపు సికింద్రాబాదులో జనం వాడే మాట, కుడివైపు మా ఒంగోలు వైపు మాట. నల్లా అంటే కుళాయి. తొవ్వ అంటే దారి. దూప అంటే దాహం. లొల్లి అంటే గొడవ. నాకు పద్నాలుగేళ్ళప్పుడు, ఈ ఊరికి వచ్చిన మొదటి మూడు నెలల్లో తయారుచేసుకున్న జాబితా అది. ప్రతి మాట పక్కన దాన్ని ఎవరి నోట విన్నానో కూడా ఉంది: పాలవాడు, కూరగాయల బండి ఆవిడ, బడిలో ఆయా. తేదీలు రాసుకున్న మొదటి పేజీని మాత్రం చెదలు తినేశాయి. అందుకే ఈ అధ్యాయంలో తేదీలు వెయ్యడం లేదు. తెలియని తేదీని ఉజ్జాయింపుగా రాయడం నాకు చేతకాదు. ఎందుకు చేతకాకుండా పోయిందో చెప్పాలంటే ఆ జాబితాలో లేని నలభై రెండో మాట గురించి చెప్పాలి.

కిందటి నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు స్వాతి, పదో తరగతి. నా చిన్ననాటి స్నేహితురాలు బాలమణి మనవరాలు. యాప్రాల్‌లో వాళ్ళ కాలనీ ఆడపిల్లలు కొందరు ఒక నాయకత్వ శిక్షణలో చేరారట. తమ వీధుల సమస్యల మీద సర్వే మొదలుపెట్టే ముందు పెద్దవాళ్ళెవరినైనా పిలిచి మాట్లాడించాలట. కాఫీ వద్దంది, మంచినీళ్ళు తాగింది, గ్లాసు తనే తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చింది. తర్వాత నవ్వు ఆపుకుంటూ, "మేడం, మా అవ్వ మీ గురించి ఒకటి చెప్పింది. మీరు చిన్నప్పుడు ఇరవై మందిని ఒక్కదినంలనే ముసలోళ్ళను చేసిన్రంట గదా?" అంది.

"ఇరవై కాదు, ఇరవై ఒక్కమంది" అన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళాక నోట్‌బుక్ తీశాను. జాబితా తర్వాత పదకొండు పేజీలు గీతలు గీసిన పట్టికలు. అంకెలన్నీ నా చేతిరాతే. తర్వాత అంటించిన ఒక పట్టిక మీద అడ్డంగా ఒక గీత, ఆ గీత మాత్రం నాది కాదు.

మా నాన్నగారు రైల్వేలో గుమాస్తా. బదిలీ మీద సికింద్రాబాదు వచ్చినప్పుడు మాకు మెట్టుగూడలో రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. ముందు వరండా, వెనక నాలుగడుగుల పెరడు, పెరట్లో మాకు మాత్రమే నీళ్ళిచ్చే ఒక కుళాయి. ఇంట్లో ఐదుగురం: నాన్నగారు, అమ్మ, నేను, తమ్ముడు, నాన్నగారి తల్లి. ఆవిడను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. పొద్దున్నే ఆ ఇంటి వాసనలకు ఒక వరుస ఉండేది. మొదట కిరోసిన్ స్టవ్వు, తర్వాత కాఫీ డికాక్షన్, ఆ తర్వాత అవ్వ మోకాళ్ళకు రాసుకునే కర్పూరం వేసిన నూనె. నూనె వాసన వచ్చిందంటే కుటుంబ ప్రార్థనకు వేళయిందని అర్థం. నాన్నగారు గోడగడియారానికి తాళం ఇచ్చి, రైలింజన్ల షెడ్డు సైరనుతో సరిచూసుకుని, నిమిషం తేడా ఉంటే ముల్లు జరిపి, అప్పుడు చాప మీద కూర్చునేవారు. అవ్వ చాప మీద కూర్చోలేకపోయేది. గోడవారగా ముక్కాలిపీట మీద కూర్చుని, కీర్తన అందరికంటే ఒక పాదం వెనకగా పాడుతూ, మేమంతా ముగించాక తను ఒక్కతే చివరి పాదం పూర్తిచేసేది. దాన్ని ఎవరూ తప్పనుకునేవాళ్ళు కాదు. ఆవిడ ముగించేదాకా ఎవరం కళ్ళు తెరిచేవాళ్ళం కాదు.

మా ఇంటి పెద్ద బైబిలును నూనెగుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టేవారు. దాని మొదట్లో ఉన్న తెల్లకాగితాల మీద మా వంశంలో పుట్టిన ప్రతి బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఘడియ, బాప్తిస్మం తేదీ, ఇచ్చిన పాస్టరుగారి పేరు ఉండేవి. పుట్టిన మూడో రోజుకే చనిపోయిన మా అక్క పేరూ ఉంది. నాకు చదవడం వచ్చాక కథల పుస్తకాల కంటే ఎక్కువసార్లు చదివింది ఆ రెండు పేజీలే. మనిషన్నాక తేదీ ఉంటుందని, ఆ తేదీ ఎక్కడో రాసి ఉంటుందని నా నమ్మకం. అది లేని ఇళ్ళు ఉంటాయని, అవి మా పెరటి గోడకు అవతలే ఉన్నాయని నాకు తెలియదు.

ఆ గోడ రైల్వేవారిది. దాని వెనక ఒక బస్తీ. ఒకే సందు, సందుకు రెండువైపులా ముప్పై రెండు ఇళ్ళు, అన్నిటికీ కలిపి సందు మొదట్లో ఒక నల్లా. పొద్దున ఆరింటికి నీళ్ళు వదిలేవారు. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా ఇళ్ళ వరుసనే బిందెల వరుస. ఇంటికి నాలుగు బిందెలు. ఎవరు ముందొచ్చారన్నది లెక్కలోకి రాదు. బిందెల దగ్గర మనిషి లేకపోతే మాత్రం ఆ ఇంటి వంతు పోయినట్టే. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు కానీ, దానివల్ల నల్లా దగ్గర లొల్లి ఉండేది కాదు. చివరి ఇల్లు బాలమణి వాళ్ళది.

బాలమణి నా తరగతే, నా బెంచీయే. నన్ను మొదటిరోజు నుంచీ ఆటపట్టించింది కూడా ఆమే. నేను ఎవరితోనో "కుళాయి ఎక్కడుందండీ?" అని అడిగితే వెనక నుంచి "కొలాయంట కొలాయి! జెర ఈ పిల్లకు నల్లా చూపియ్యుర్రి, దూపకు సచ్చేటట్టుంది" అని నవ్వింది. నోట్‌బుక్‌లో రెండు మాటలు ఆ ఒక్క వాక్యం నుంచి వచ్చినవే. ఆమె చురుకైనది. లెక్కల్లో నాకంటే ముందు చెయ్యెత్తేది. చిక్కల్లా హాజరుతోనే. మా బడి గంట ఎనిమిదింబావుకు. గంట కొట్టాక హాజరు పిలుస్తారు, అప్పుడు లేనివాళ్ళకు ఆ రోజు గైర్హాజరే. బాలమణి వారంలో మూడు నాలుగు రోజులు ఎనిమిదిన్నరకు తడిసిన పరికిణీతో వచ్చి తలుపు దగ్గర నిలబడేది. హెడ్‌మిస్ట్రెస్‌గారు తరగతిలోనే చెప్పారు: హాజరు తక్కువైతే వార్షిక పరీక్షకు కూర్చోనివ్వమని.

మా చర్చి వెనక హాలులో ప్రతి శనివారం మధ్యాహ్నం సువార్తమ్మ టీచరుగారు ఆడపిల్లలకు ఒక తరగతి నడిపేవారు. బోర్డు మీద దాని పేరు "బాలికల నాయకత్వ శిక్షణ". మేము లీడర్ క్లాసు అనేవాళ్ళం. చర్చి పిల్లలమే కాదు, చుట్టుపక్కల హిందువుల పిల్లలూ వచ్చేవారు. మొత్తం పదిహేడు మందిమి. టీచరుగారు బాపట్ల మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఇస్త్రీ చేసిన తెల్లచీర, ఎడమచేతికి మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద వాచీ. మొదటి శనివారం నాయకత్వం అంటే ఏమిటని అడిగితే నేను లేచి "ముందు నడవడమండీ" అన్నాను. "ముందు కనుక్కోవడం. నడవడం తర్వాత సంగతి" అని, నల్లబల్ల మీద మూడు నియమాలు రాయించారు. ప్రతి జట్టు ఒక వీధిని, ఆ వీధిలో ఒక్క సమస్యనే తీసుకోవాలి. ఇంటింటికీ ఇద్దరు వెళ్ళాలి, ఒకరు ఆ వీధి మనిషై ఉండాలి. అడిగిందే రాయాలి, అనుకున్నది రాయకూడదు.

నేనూ బాలమణీ ఆ నల్లాను తీసుకున్నాం. సందు చివర రెండో నల్లా వేయిస్తే బాలమణి గంటలోపు బడికి వస్తుంది. మాకు కావలసింది అదే. ఫారం నేను గీశాను. ఇంటి నంబరు, మనుషుల సంఖ్య, బిందెల సంఖ్య, "నీళ్ళు మోసేది ఎవరు?" అన్న ప్రశ్న, దాని కింద మూడు గడులు: తల్లి, అవ్వ, ఇతరులు. అవ్వ గడి మా ఇంటిని చూసి పెట్టిందే. మా ఊళ్ళో చెరువు నుంచి అవ్వే నీళ్ళు మోసేదని, ఆ మోకాళ్ళు అప్పుడే పోయాయని నాన్నగారు ఎన్నోసార్లు చెప్పారు.

ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్దామనుకున్నాం. ఆ రోజు బాలమణి మేనమామ ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. "వచ్చే ఆయితారం పోదాం తియ్" అంది. నేను ఆగలేదు. నలభై ఒక్క మాటలు వచ్చినదాన్ని, నాకు ఇంకొకరి తోడెందుకనుకున్నాను. ఫారాలు, రెండు పెన్సిళ్ళు తీసుకుని ఒక్కదాన్నే గోడ చుట్టూ తిరిగి సందులోకి వెళ్ళాను.

చాలా ఇళ్ళలో పిల్లలే ఉన్నారు. ఆ బస్తీ ఆడవాళ్ళలో ఎక్కువమంది రెజిమెంటల్ బజార్ దుకాణాల్లో పప్పులు చెరగడానికి, మిరపకాయల తొడిమెలు తియ్యడానికి వెళ్ళేవారు. ఆదివారం కూడా పని ఉండేది. నేను గడపలో నిలబడి అడిగేదాన్ని.

"నీళ్ళు మోసేది ఎవరు?"

"మా అవ్వ."

"అవ్వ ఏది?"

"పనికి వోయింది."

అవ్వ గడిలో గుర్తు పెట్టేదాన్ని. పక్క ఇల్లు. "మా అవ్వనే మోస్తది." ఇంకో ఇల్లు. "ఇంకెవలు మోస్తరు, అవ్వనే!" పదో ఇల్లు దాటేసరికి పెన్సిలు గట్టిగా నొక్కి రాస్తున్నాను. మా అవ్వ చాప మీద కూర్చోలేదు, ఇక్కడ అవ్వలు నీళ్ళు మోసి, మళ్ళీ పనికి కూడా పోతున్నారు. ముప్పై రెండు ఇళ్ళలో అవ్వ గడిలో ఇరవై ఒకటి, తల్లి గడిలో ఏడు, ఇతరుల గడిలో నాలుగు. కూడితే సరిపోయింది. సరిపోతే నిజమేననుకునే వయసు నాది.

ఆ సాయంత్రమే అర్జీ రాసి, ఇళ్ళ నంబర్ల పట్టికను దానికి జతచేశాను. ఒక వాక్యం ఇప్పటికీ కంఠస్థం: "ఈ బస్తీయందు అరవై సంవత్సరములు పైబడిన ఇరవై ఒక్కమంది వృద్ధ స్త్రీలు ప్రతిదినము నాలుగేసి బిందెలు మోయుచున్నారు." అరవై అని నాతో ఎవరూ అనలేదు. నేను అడగనూ లేదు. ఊరికే వృద్ధులు అంటే బలం లేదనిపించి వేశాను. సోమవారం బడిలో బాలమణి సంతకం కోసం కాగితం తీస్తే, చదవకుండానే చేసింది. "నీ రాత మంచిగుంటది. ఏం రాసినవో గది మంచిగనే ఉంటది" అంది. టీచరుగారు కింద రెండు సంతకాలు ఉన్నాయా అని చూసి, తనూ సంతకం చేసి నీళ్ళ ఆఫీసుకు పంపారు.

రెండు వారాలు తిరక్కుండా ఇంజినీరుగారు స్వయంగా వచ్చారు. ఆఫీసుల నుంచి ఎవరైనా ఆ సందులోకి రావడం అదే మొదటిసారట. పొద్దున ఏడున్నర. నల్లా దగ్గర వరుస సగం దాటింది. టీచరుగారు, నేను గోడవారగా నిలబడ్డాం. బాలమణి తన బిందెల దగ్గర ఉంది. ఇంజినీరుగారు అర్జీ చేతిలో పట్టుకుని, "ఈ కాగితంల ఇరవై ఒక్కమంది ముసలోళ్ళు నీళ్ళు మోస్తున్నరని ఉన్నది. ఇండ్ల నంబర్లు చదువుత. ఎవరు మోస్తరో వాళ్ళు జెర ముంగటికి రావాలె" అన్నారు.

నంబర్లు చదివారు. ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. కొంగు నడుముకు దోపుకున్నవాళ్ళు, చంకలో పిల్లను ఎత్తుకున్నవాళ్ళు, ఒకామె నిండు గర్భిణి. ఇరవై ఒక్కరిలో తల నెరిసినవాళ్ళు ఇద్దరు.

"ముసలోళ్ళేరి?" అన్నారు ఇంజినీరుగారు.

ఆయన కాగితంలోని వాక్యం పైకి చదివారు. చదివేసరికి బాలమణి తల్లి నర్సమ్మ ముందుకు వచ్చింది. "ఏందీ? అరవై ఏండ్లా? నాకా? నా పెద్దబిడ్డ ఇంకా బడికి వోతున్నది సారూ!"

"ఊకో నర్సమ్మా, రాయనియ్యి. పింఛను సుత వస్తదేమో!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. సందంతా నవ్వింది.

గర్భిణి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "అరవై ఏండ్లకు నాకు కడుపొచ్చింది. ఇది సుత రాసుకోర్రి సారూ!" అంది. మళ్ళీ నవ్వు.

ఇంజినీరుగారు నవ్వలేదు. "టీచరమ్మా, గిట్ల తప్పుడు కాగితాలు పెట్టి మమ్ముల పరేషాన్ చేస్తే ఎట్ల? ఎవరు రాసిన్రు ఇది?"

నేను ముందుకు వచ్చాను. "నేనేనండీ. పిల్లల్ని అడిగానండీ. అవ్వ మోస్తుందని చెప్పారండీ."

"అవ్వనే మోస్తది. అబద్ధమేముంది అండ్ల?" అంది నర్సమ్మ.

"మరి... అవ్వ అంటే నాయనమ్మ కదండీ?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నర్సమ్మే నెమ్మదిగా అంది: "అవ్వంటే అమ్మ, బిడ్డా. కన్నతల్లి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంజినీరుగారు జేబులోంచి కలం తీసి, నా పట్టిక మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత గీసి, "వాస్తవము కాదు" అని రాసి, కాగితాలు టీచరుగారి చేతికిచ్చి వెళ్ళిపోయారు. వరుస మళ్ళీ కదిలింది. బాలమణి నా వైపు చూడలేదు. ఆ రోజూ ఆమెకు గైర్హాజరే.

ఇంట్లో చెప్పక తప్పలేదు. నాన్నగారు గడియారానికి రెండోసారి తాళం ఇచ్చారు. అవ్వ మాత్రం పడీపడీ నవ్వింది. "కన్నదాన్ని అవ్వ అంటే తప్పేమే? ఎవరి ఇంట్లో మాట వాళ్ళది. సరే గానీ, ఆ అరవై ఎక్కడిది?"

"నీకు అరవై దాటాయిగా, అందుకని."

"నాకు దాటాయని నీకెవరు చెప్పారు?"

బీరువా పై అరలోంచి బైబిలు దించి, నూనెగుడ్డ విప్పి చూశాను. ఆ రెండు పేజీల్లోనూ అవ్వ పుట్టిన తేదీ లేదు. వందసార్లు చదివిన పేజీల్లో అది లేదని నేను గమనించనే లేదు. ఆవిడ పేరు దగ్గర బాప్తిస్మం తేదీ ఒక్కటే ఉంది. "అప్పటికి నాకు పెళ్ళయింది. బైబిలు ఆ తర్వాత కదా ఇంటికొచ్చింది. అంతకుముందు ఎవరు రాశారు మమ్మల్ని?" అంది అవ్వ, మోకాలికి నూనె రాసుకుంటూ.

శనివారం హాలులో టీచరుగారు నన్ను అందరి ముందు నిలబెట్టలేదు. క్లాసు అయిపోయాక ఆగమన్నారు.

"అవ్వ అన్న మాట నాకూ నీలాగే తెలుసు, ఆ తప్పు నేనూ చేసేదాన్నే. అరవై అన్న అంకె ఎవరిది?"

"నాదండీ."

"ఒక్కదానివే వెళ్ళావా?"

"వెళ్ళానండీ."

"అయితే ఇరవై ఒక్క ఇళ్ళకూ వెళ్ళి ఆ మాట చెప్పి రా. ఈసారి ఇద్దరూ వెళ్ళండి, ఆ పిల్ల వస్తానంటేనే."

బాలమణి వస్తానని వెంటనే అనలేదు. రెండు రోజులు నా బెంచీ మీదే, నాతో మాట్లాడకుండా కూర్చుంది. మూడోరోజు విరామంలో తనే మొదలుపెట్టింది. "నేనుండంగ ఎందుకు వోయినవ్? మా అవ్వను నేను సుత అవ్వనే అంట."

"బళ్ళో అమ్మ అంటావుగా. నీ నోట అవ్వ అని నేనెప్పుడూ వినలేదు."

"బళ్ళె అట్లనే అనాలె. అవ్వ అంటే మీరంత నవ్వుతరు." మళ్ళీ తనే, "నువ్వు కొలాయి అన్నప్పుడు నేను నవ్వలేదా, గట్లనే" అంది.

ఆ సాయంత్రం నుంచి ఇద్దరం తిరిగాం. ఇరవై ఒక్క గడపల దగ్గర నేను ఒకే వాక్యం చెప్పాను: "మీ వయసు అడక్కుండా రాశాను, తప్పయిపోయింది." చాలామంది నవ్వి పీట వేశారు. ఒకామె మాత్రం తలుపు తియ్యలేదు. వయసు ఎంతని ఈసారి అడిగాను. పందొమ్మిది మంది తెలవదన్నారు. తెలియదు అని రాసుకున్నాను. పన్నెండో ఇంటి దగ్గర నేను మళ్ళీ "నీళ్ళు మోసేది ఎవరు?" అని మొదలుపెడితే బాలమణి నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"నువ్వు ఎప్పుడు చూసినా మోసేటోళ్ళను అడుగుతవ్. నిలబడేటోళ్ళను అడగవేందే?"

"నిలబడేవాళ్ళా?"

"నీళ్ళు వట్టినంక అవ్వ వచ్చి ఎత్తుకుపోతది. అవ్వకు ఇంట్ల పనెక్కువున్న దినాలు ఆరుగొట్టంగ నుంచి వరుసల ఎవరుంటరు? నేను. నిలబడుడు సుత పనేనా అంటది మా అవ్వ. గందుకే ఎవరిని అడిగినా నా పేరు చెప్పరు."

నోట్‌బుక్‌లో ఆ తర్వాతి పట్టికలు అడిగి రాసినవి కావు, చూసి రాసినవి. టీచరుగారు తన వాచీ ఇచ్చారు. అది నా మణికట్టుకు ఆగక, పై జబ్బకు పెట్టుకున్నాను. మూడు ఉదయాలు, ఆరు నుంచి వరుస అయ్యేదాకా నల్లా పక్కన నిలబడ్డాం. బిందె నిండడానికి ఒక నిమిషం. ఇంటికి నాలుగు, ముప్పై రెండు ఇళ్ళకు నూట ఇరవై ఎనిమిది నిమిషాలు. చివరి ఇంటి చివరి బిందె నిండేసరికి ఎనిమిది దాటి ఎనిమిది నిమిషాలు. అక్కడి నుంచి బడికి ఇరవై నిమిషాల నడక. వరుసలో ముప్పై రెండు ఇళ్ళ తరఫున నిలబడింది ఎవరో రాశాం: తల్లులు ఎనిమిది మంది, ముసలివాళ్ళు ఇద్దరు, మగపిల్లలు ముగ్గురు, బడి ఈడు ఆడపిల్లలు పందొమ్మిది మంది. మొదటి సర్వేలో ఆ పందొమ్మిది మందిలో ఒక్కరి పేరూ లేదు.

రెండో అర్జీలో విశేషణాలు లేవు. కింద ఆ పందొమ్మిది మంది సంతకాలు ఉన్నాయి. సంతకం రానివాళ్ళు నలుగురుంటే బాలమణి వారం రోజులు నల్లా దగ్గరే నేలమీద పుల్లతో గీయించి నేర్పింది. నీళ్ళ ఆఫీసుకు ఈసారి మేమిద్దరమే వెళ్ళి ఇచ్చాం. ఇంజినీరుగారు నన్ను గుర్తుపట్టి, కాగితం రెండుసార్లు చదివి, "ఈసారి ఎవరికీ వయసు రాయలేదేందమ్మా?" అన్నారు.

"తెలవదన్నరు సార్. తెలవదనే రాసినం" అంది బాలమణి.

ఆయన సంతకం చేశారు. కొన్ని వారాలకు సందు చివర రెండో నల్లా పడింది. దాని కింద మొదటి బిందె నర్సమ్మది.

మొదటి అర్జీకీ రెండో అర్జీకీ మధ్య నలభై మూడు రోజులు. వార్షిక పరీక్షకు బాలమణి హాజరు తక్కువైంది పదకొండు రోజులు. ఆమెను పరీక్షకు కూర్చోనివ్వలేదు. అదే తరగతి మళ్ళీ చదవడానికి నర్సమ్మ ఒప్పుకోలేదు. బాలమణి బడి అక్కడితో ఆగింది. కుట్టుపని నేర్చుకుంది, లీడర్ క్లాసుకు మాత్రం పెళ్ళయ్యేదాకా వచ్చింది. నేను చదివాను, ఉద్యోగం చేశాను, ముప్పై నాలుగేళ్ళు ఇతరుల లెక్కలు సరిచూసి పింఛను తీసుకుంటున్నాను. మొదటి అర్జీ సరిగ్గా రాసి ఉంటే నల్లా నలభై మూడు రోజులు ముందు వచ్చేది, పదకొండు రోజులు మిగిలేవి. ఈ తీసివేత ఎన్నిసార్లు చేశానో మాత్రం లెక్కపెట్టలేదు.

స్వాతి వాళ్ళు నన్ను పిలిచిన యాప్రాల్ కమ్యూనిటీ హాలు ఐదో అంతస్తులో ఉంది. లిఫ్ట్, మైకు, తెర మీద బొమ్మలు. ఇరవై నలుగురు ఆడపిల్లలు, అందరి చేతుల్లోనూ అచ్చువేసిన ఫారాలు. మా చర్చి హాలులో ఒకే నల్లబల్ల, ఒకే వాచీ. ఇక్కడ ప్రతి పిల్ల ఫోనులోనూ టైము ఉంది. ఆ కాలనీకి నీళ్ళు ట్యాంకర్లో వస్తాయి. ట్యాంకర్ కోసం ఫోన్ చేసి, వచ్చేదాకా గేటు దగ్గర కాపు కాసేది ఎవరని ఫారంలో అడిగారా అని చూశాను. అడగలేదు. ఆ మాట చెబితే స్వాతి పక్కన గీత గీసి రాసుకుంది. రాస్తూ, "మా ఇంట్ల నేనే" అంది మెల్లగా.

బాలమణి చివరి వరుసలో కూర్చుని ఉంది. ఇప్పుడు ఆమెకు యాప్రాల్‌లో సొంత కుట్టుదుకాణం ఉంది. కొడుకులు, కూతుళ్ళు ఆమెను అమ్మ అంటారు, మనవలు అవ్వ అంటారు. మా ఇంటి అర్థం వాళ్ళింటికి ఎలా చేరిందో నాకు తెలియదు. నేను పైన రాసినదంతా ఆ పిల్లలకు చెప్పాను. అంకెలతో సహా చెప్పాను. చివర, ఎవరూ చెప్పని ఒక్క అంకె వెయ్యడం వల్ల నా స్నేహితురాలు పదకొండు రోజులు, వాటితో పాటు చదువు పోగొట్టుకుందని, ఆ పదకొండూ నావేనని చెప్పి ముగించాను.

చివరి వరుసలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

"పదకొండు గాదు" అంది బాలమణి, లేచి నిలబడి.

"అవ్వా, కూసో!" అని స్వాతి గుసగుసలాడింది.

"నువ్వుండే. గామె తప్పు చెప్తుంటే ఎట్ల కూసోవాలె?" నా వైపు తిరిగింది. "సుగుణా, పదకొండెక్కడివే? అండ్ల నాలుగు దినాలు నేను నల్లా కాడికే పోలే. మా చిన్నమ్మ బిడ్డతోని మార్నింగ్ షోకు పోయిన. మా అవ్వకు సుత చెప్పలే. నన్నెప్పుడన్న అడిగినవా నువ్వు?"

అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వబోయాను. బాలమణి నవ్వలేదు. కుర్చీలో మళ్ళీ కూర్చుంటూ, కొంగు సర్దుకుని, "ఏడు మాత్రం నీవే" అంది.

ఇంటికి వచ్చాక నోట్‌బుక్ తీసి, చివరి పేజీలో ఎప్పుడో రాసుకున్న పదకొండు కొట్టేసి ఏడు అని రాశాను. పక్కన, చెప్పినది బాలమణి అని రాసి, ఆ రోజు తేదీ వేశాను.